మార్గశిరంలోనే వామి అడుగంటితే: కరువు ఏడాది మేత లెక్క

క్లుప్తంగా: రాయలసీమలో కరువు ఏడాది పశుగ్రాసం కొరత వేసవిలో కళ్లకు కనబడుతుంది గానీ, అది ఖాయమయ్యేది నవంబరు, డిసెంబరు నెలల్లోనే. లోడు ధర చూసి కొన్న మేతకూ, అందులో పశువు ఒంటికి పట్టేదెంతో చూసి కొన్న మేతకూ ఖర్చులో చాలా తేడా వస్తుంది. వరిగడ్డిని యూరియాతో మాగబెట్టడం, ముక్కలు చేసి గాడిలో (మేత తొట్టిలో) వేయడం, పశువులను అవసరాన్ని బట్టి విడదీసి మేపడం తక్కువ ఖర్చుతో అయ్యే పనులు. అజొల్లా (నీళ్ల మీద పెరిగే చిన్న మొక్క), హైడ్రోపోనిక్ గడ్డి (మట్టి లేకుండా పెంచిన మొలకలు) లాంటివి ప్రచారంలో వినిపించినంతగా కడుపు నింపవు.

మామూలు సంవత్సరంలో అనంతపురం పల్లెల్లో కార్తీకం వెళ్లేసరికి ఇళ్ల పక్కన వాములు లేస్తాయి. ఒకటి వేరుశనగ కట్టెది, అంటే కాయ తీశాక మిగిలిన ఎండు చెట్టుది. రెండోది వరిగడ్డిదో జొన్న చొప్పదో. ఆ వాముల ఎత్తు చూస్తే చాలు, ఆ ఇంటి పశువులు వేసవి దాటుతాయో లేదో పక్కింటివాళ్లు కూడా చెప్పేస్తారు. కరువు ఏడాది ఈ లెక్క తప్పుతుంది. పుష్యమాసం రాకముందే కట్టె అయిపోతుంది, గడ్డి కోసం ట్రాక్టరు వేసుకుని పొరుగు జిల్లాకు పోవాల్సి వస్తుంది. అప్పటికి అందరూ అదే పని మీద ఉంటారు కాబట్టి ధర కూడా చేతికందదు.

ఈ పరిస్థితి ఎలా వస్తుందో, అందులో రైతు చేతిలో ఉన్నదెంతో తెలుసుకోవడానికి 2023 ఖరీఫ్, దాని వెంట వచ్చిన చలికాలం మంచి ఉదాహరణ.

2023లో రెండు దారులూ మూసుకుపోయాయి

వాతావరణ శాఖ దగ్గర 1901 నుంచి లెక్కలున్నాయి. దేశం మొత్తానికి ఆ లెక్కల్లో అత్యంత తక్కువ వాన పడిన ఆగస్టు 2023దే. మామూలు కన్నా 36 శాతం తక్కువ పడింది. సీమలో వానాధార వేరుశనగ పూత పూసి ఊడలు (కాయగా మారే కాడలు) మట్టిలోకి దిగే రోజులు సరిగ్గా అవే. ఊడ దిగాలంటే పైమట్టి మెత్తగా ఉండాలి. అది గట్టిపడితే కాయ పట్టదు, చెట్టు కూడా పెరగదు. ఆ ఖరీఫ్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది. అందులో అనంతపురం జిల్లావి 28, శ్రీసత్యసాయి జిల్లావి 21.

సీమలో మేత లేనప్పుడు గడ్డి ఎక్కడి నుంచో రావాలి. కాలువల కింద వరి పండే నంద్యాల వైపు నుంచో, తుంగభద్ర ఆయకట్టు నుంచో, మరీ తప్పకపోతే కృష్ణా, గోదావరి డెల్టాల నుంచో వస్తుంది. డెల్టాలో ఖరీఫ్ వరి కోతలు నవంబరు, డిసెంబరుల్లో. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి, కోసి పనల మీద ఉన్న వరి నీళ్లపాలయ్యాయి. వడ్ల నష్టం గురించి అందరూ మాట్లాడారు గానీ, ఆ నీళ్లలోనే నానిన గడ్డి గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. ఇక్కడ వాన లేక మేత పోయింది, అక్కడ వాన ఎక్కువై గడ్డి నానింది.

దీని వెనక ఇంకో పాత కారణం ఉంది. ఒకప్పుడు ఈ చేలల్లో జొన్న, కొర్ర ఎక్కువ. గింజ పట్టకపోయినా చొప్ప చేతికొచ్చేది. కంకి రాని ఏడాది కూడా పశువుకు ఏదో ఒకటి మిగిలేది. ఎర్రనేలలు వేరుశనగకు మళ్లాక రైతు రాబడి, పశువు మేత రెండూ ఒకే చెట్టు మీద ఆధారపడ్డాయి. మంచి ఏడాది అది లాభమే, ఎందుకంటే కట్టె చొప్ప కన్నా బలమైన మేత. చెడ్డ ఏడాది మాత్రం రెండూ ఒకేసారి పోతాయి. చేతిలో డబ్బు లేని నెలలోనే మేత కొనాల్సి రావడానికి అసలు కారణం ఇదే.

చలి కాదు, తేమ

చలికాలం మేత అనగానే మంచు పడే దేశాల అనుభవాలు ఎక్కువగా చదవడానికి దొరుకుతాయి. అక్కడ పశువు ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికే అదనంగా తినాలి. అనంతపురంలో జనవరి రాత్రుళ్లలో కూడా అంత చలి ఉండదు. లేగలకు గోనెపట్టా కప్పి, గాలి కొట్టకుండా కొట్టానికి తడికె కడితే సరిపోతుంది. ఇక్కడ చలికాలం కష్టం వేరు. ఈశాన్య రుతుపవనాలు కూడా మొహం చాటేస్తే డిసెంబరుకల్లా నేలలో తేమ ఉండదు, బీళ్లలో గడ్డి మళ్లీ చిగురించదు. తర్వాతి వాన జూన్‌లోనే. అంటే ఒక రుతువు మేత లోటు కాదు, ఏడు నెలల లోటు.

ఇంకో తేడా కూడా ఉంది. అమెరికాలో కరువొస్తే రైతు మొదట చేసేది మందను తగ్గించడం. 2022 కరువు తర్వాత అక్కడ పశువుల సంఖ్య పడిపోయి 2024 జనవరి నాటికి 8.72 కోట్లకు చేరింది. 1951 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు. అక్కడి మంద మాంసం కోసం పెంచేది కాబట్టి ముందే అమ్మేయడం వ్యాపార నిర్ణయం. సీమ రైతు కొట్టంలో ఉండేది రెండు ఎద్దులు, ఒకట్రెండు ఆవులో గేదెలో. ఎద్దును అమ్మితే జూన్‌లో సేద్యానికి బాడుగ కట్టాలి. పాలిచ్చేదాన్ని అమ్మితే పది రోజులకోసారి వచ్చే పాలడబ్బు ఆగిపోతుంది. వట్టిపోయినదాన్ని కొనేవాడు దొరకడు.

సంతలో జరిగేది కూడా గమనించాలి. మేత అయిపోయినవాళ్లందరూ ఒకే నెలలో పశువులను తోలుకొస్తారు. ధర పడుతుంది. అదే నెలలో గడ్డి ధర పెరుగుతుంది. డిసెంబరులో ఒక ఎద్దు అమ్మితే వచ్చే డబ్బుతో కొనగలిగే గడ్డికీ, మార్చిలో అదే ఎద్దును అమ్మి కొనగలిగే గడ్డికీ మధ్య తేడా చాలా ఉంటుంది. కాబట్టి అమ్మక తప్పదనుకున్న పశువును చలికాలం మొదట్లో అమ్మడమే లెక్కకు నిలుస్తుంది. ‘ఇంకో నెల చూద్దాం’ అనుకుంటే ఆ నెల మేత ఖర్చూ పోతుంది, ధరా పోతుంది.

గొర్రెల సంగతి వేరు. మందలు నడిచి మేత దగ్గరకే పోతాయి. కోతలైన పొలాల్లో మంద కట్టి, ఎరువు ఇచ్చి, మేపుకుని, వానలకు తిరిగొస్తాయి. ఎద్దు, గేదె దగ్గరకు మాత్రం మేతే రావాలి.

లోడు ధరతో మోసం

గడ్డిని లోడు లెక్కన అమ్ముతారు, కట్టల లెక్కన అమ్ముతారు. లోడు ఎంత బరువుందో చాలామంది తూచరు. వదులుగా వేసిన వరిగడ్డి చాలా తేలిక. లారీ ఎత్తు నిండిపోతుంది గానీ బరువు సగం కూడా రాదు. బాడుగ మాత్రం లారీకి పూర్తిగా కట్టాలి. దూరం పెరిగే కొద్దీ గడ్డి ధర కన్నా బాడుగే ఎక్కువవుతుంది. బేలర్‌ యంత్రంతో గట్టిగా కట్టిన గడ్డికి ధర కొంచెం ఎక్కువైనా, వంద కిలోమీటర్లు దాటి తెచ్చుకునేవారికి ఇంటికి చేరేసరికి అదే చౌక. నలుగురైదుగురు కలిసి ఒక లారీ మాట్లాడుకుని, దారిలో ఒకసారి వేబ్రిడ్జి ఎక్కిస్తే కిలో ఎంత పడిందో తేలుతుంది.

కిలో ధర తెలిసినా పని సగమే అయినట్టు. పచ్చిమేతలో, సైలేజీలో (పాతర వేసి మాగబెట్టిన పచ్చిమేతలో) ఎక్కువ భాగం నీళ్లు. ఎండుగడ్డిలో నీళ్లు పదో వంతే గానీ, పశువుకు అరిగేది తక్కువ. అందుకని కిలో మేతలో అరిగి ఒంటికి పట్టే పదార్థం ఎంత, దానికి ఎంత పెడుతున్నాం అని చూడాలి.

కింది ధరలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే, ఊరిని బట్టి మారతాయి. వరిగడ్డి ఇంటికి చేరేసరికి కిలో 6 రూపాయలు పడిందనుకుందాం. కిలోలో అరిగే పోషకం సుమారు 380 గ్రాములు. అంటే కిలో పోషకానికి 16 రూపాయలు. వేరుశనగ కట్టె కిలో 9 రూపాయలైతే, అందులో అరిగేది అరకిలో దాకా ఉంటుంది. కిలో పోషకానికి 18 రూపాయలు. మొక్కజొన్న సైలేజీ కిలో 7 రూపాయలంటే చౌకగానే వినిపిస్తుంది. కానీ అందులో మూడింట రెండు వంతులకు పైగా నీళ్లే. అరిగే పోషకం కిలోకు 190 గ్రాముల లోపే. కిలో పోషకానికి దాదాపు 38 రూపాయలు పడుతుంది. మిల్లు దాణా కిలో 28 అయితే కిలో పోషకానికి 40 పైచిలుకు.

దీన్నిబట్టి సైలేజీ దండగ అనుకోకూడదు. రోజుకు పది లీటర్లిచ్చే ఆవు వట్టి గడ్డితో ఆ పాలు ఇవ్వలేదు. అది తినగలిగే పరిమాణానికి ఒక హద్దుంది, ఆ హద్దులో ఎక్కువ బలం పట్టాలంటే సైలేజీ, దాణా కావాలి. ఖాళీగా ఉన్న ఎద్దుకు సైలేజీ పెట్టడం మాత్రం దండగే. పై అంకెల్లో ఇంకో విషయం కూడా దాగి ఉంది. వరిగడ్డికీ కట్టెకూ పోషకం ధరలో తేడా రెండు రూపాయలే. మాంసకృత్తుల్లో మాత్రం వరిగడ్డి మూడు, నాలుగు శాతం దగ్గర ఆగిపోతే, మంచి కట్టెలో తొమ్మిది, పది శాతం ఉంటాయి. కట్టె దొరికే అవకాశం ఉన్నంతకాలం, ధర గడ్డికి ఒకటిన్నర రెట్లున్నా, అదే లాభం. ఆకు రాలిపోయి పుల్లలే మిగిలిన కట్టెకు ఈ లెక్క వర్తించదు. కొనేముందు ఒక గుప్పెడు నలిపి చూస్తే ఆకు ఎంతుందో తెలిసిపోతుంది.

ఒక ఇంటి లెక్క

రెండు ఎద్దులు, ఎనిమిది లీటర్లిచ్చే ఒక సంకరజాతి ఆవు, చూడితో ఉన్న ఒక నాటు ఆవు, ఒక పెయ్య ఉన్న ఇల్లు అనుకుందాం. ఖాళీగా ఉన్న ఎద్దుకు ఒంటి బరువులో రెండు శాతం ఎండుమేత చాలు. పాలావుకు మూడు శాతం దాకా కావాలి. దాణా పోను అన్నింటికీ కలిపి రోజుకు 39 కిలోల ఎండుమేత అవసరం. డిసెంబరు 1 నుంచి జూన్ నెలాఖరు దాకా లెక్కేస్తే 8 టన్నుల పైమాటే.

ఇది పశువు నోట్లోకి పోయేది. గడ్డిని నేల మీద పరిచి వేస్తే నాలుగో వంతు తొక్కుడులో, పేడలో కలిసిపోతుంది. అలా వేసే ఇంటికి 11 టన్నులు కావాలి. ముక్కలు కొట్టి, నడుమెత్తు గాడిలో, రోజుకు మూడు నాలుగు సార్లు కొద్దికొద్దిగా వేస్తే వృథా పదో వంతుకు దిగుతుంది. అప్పుడు 9 టన్నులు చాలు. తేడా దాదాపు 2 టన్నులు, పైన వేసుకున్న ధరకు 11,000 రూపాయలకు పైనే. మేత ముక్కలు కొట్టే చాఫ్ కట్టర్‌కు పెట్టిన డబ్బు కరువు ఏడాదే తొందరగా తిరిగొస్తుంది. వామి మీద పట్టా కప్పడం, అడుగున రాళ్ల మీద కర్రలు పేర్చి నేల చెమ్మ తగలకుండా చేయడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. మంచుకు తడిసి నల్లబడిన పైపొర ఏ పశువూ తినదు.

లెక్క తేలాక చేయాల్సింది పశువులను విడదీయడం. చాలా కొట్టాల్లో మంచి మేతా చెడ్డ మేతా కలిపి అందరికీ సమానంగా పంచుతారు. చూడడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ చూడి ఆవుకు చివరి రెండు మూడు నెలల్లో బలం తగ్గితే దూడ నలతగా పుడుతుంది, ఈనాక పాలు తగ్గుతాయి, మళ్లీ ఎదకు రావడం నెలల తరబడి ఆలస్యమవుతుంది. ఆ నష్టం వచ్చే ఏడాది కనబడుతుంది. పాలావు, చూడి ఆవు, దూడలకు కట్టె, దాణా, ఉన్న పచ్చిమేత ముందు వెళ్లాలి. ఎద్దులు జనవరి, ఫిబ్రవరి నెలల్లో కొంచెం చిక్కినా ప్రమాదం లేదు. దుక్కులకు నెల ముందు వాటికి మేత పెంచితే కోలుకుంటాయి.

గడ్డి తిన్నా పశువు ఎందుకు చిక్కుతుంది

కడుపు నిండా వరిగడ్డి తిన్న ఎద్దు కూడా రెండు నెలల్లో పక్కటెముకలు తేలుతుంది. ‘గడ్డిలో సారం లేదు’ అని సరిపెట్టుకుంటారు గానీ, గడ్డిలో శక్తి ఉంది. దాన్ని బయటికి తీసేవాళ్లు లేరంతే. పశువు పెద్ద పొట్టలో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులుంటాయి. పీచును విడగొట్టేది అవే. అవి పెరగాలంటే మేతలో కనీసం ఏడు శాతం మాంసకృత్తులుండాలి. వరిగడ్డిలో అందులో సగమే ఉంటుంది. సూక్ష్మజీవులు తగ్గితే గడ్డి పొట్టలో ఎక్కువసేపు నిలుస్తుంది, నిలిస్తే పశువు తక్కువ తింటుంది. 350 కిలోల ఎద్దు బరువు తగ్గకుండా ఉండాలంటే రోజుకు సుమారు 2.8 కిలోల అరిగే పోషకం కావాలి. వట్టి వరిగడ్డి మీద అది 2.3 కిలోల దగ్గరే ఆగిపోతుంది. రోజూ ఆ అరకిలో లోటు ఒంటి కండ నుంచి తీరుతుంది.

యూరియాతో మాగబెట్టడం ఈ లోటు కోసమే. వంద కిలోల ఎండు వరిగడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీళ్లలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి పోకుండా పాలిథీన్ పట్టా కప్పాలి. మూడు వారాల్లో యూరియా అమ్మోనియాగా మారి గడ్డిలోకి ఇంకుతుంది, పీచు మెత్తబడుతుంది. చలి రోజుల్లో ఇంకో వారం ఉంచడం మంచిది. తీసేటప్పుడు గడ్డి పసుపు, గోధుమ రంగులోకి మారి, కళ్లు మండే ఘాటు వాసన వస్తుంది. గంట, రెండు గంటలు గాలికి ఆరబెట్టి వేయాలి. మాంసకృత్తులు ఏడెనిమిది శాతానికి చేరతాయి, పశువు తినే పరిమాణం కూడా పెరుగుతుంది. పైన చెప్పిన ఎద్దు బరువు తగ్గదు. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. ఆ లెక్కన వంద కిలోల గడ్డికి యూరియా ఖర్చు 24 రూపాయలు, అంటే కిలో గడ్డికి పావలా. పట్టా, కూలి వేరే.

ఇంత చౌకైన పద్ధతి దశాబ్దాలుగా పశువైద్యులు చెబుతున్నా పల్లెల్లో ఎందుకు నిలవలేదన్నది సహజంగా వచ్చే ప్రశ్న. ఒక కారణం నీళ్లు. మేత లేని ఏడాది వందల లీటర్ల నీళ్లు గడ్డి మీద చల్లడానికి మనసొప్పదు. ఇంకొకటి భయం. యూరియా తిని పశువు చచ్చిందన్న కథ ప్రతి మండలంలో వినిపిస్తుంది, అందులో అబద్ధం లేదు. మాగబెట్టిన గడ్డితో వచ్చే ప్రమాదం తక్కువ. బస్తా దగ్గర ఒలికిన యూరియాను నాకడం, కలిపిన బకెట్‌లో మిగిలిన నీళ్లను దాహంగా ఉన్న పశువు తాగడం, ఇవే ప్రాణం తీసేవి. కడుపుబ్బి, వణుకుతూ పడిపోతే పశువైద్యుడు వచ్చేలోపు వెనిగర్ కలిపిన చల్లటి నీళ్లు పట్టిస్తారు. ఆరు నెలల లోపు దూడలకు ఈ గడ్డి పెట్టకూడదు, వాటి పెద్ద పొట్ట ఇంకా తయారై ఉండదు. పెద్దవాటికి కూడా వారం పది రోజుల్లో మెల్లగా అలవాటు చేయాలి.

మాగబెట్టడం కుదరనివారికి దారి లేకపోలేదు. సగం వరిగడ్డి, సగం కట్టె కలిపినా మాంసకృత్తులు ఆరు శాతం దాటతాయి. కంది పొట్టు, ఉలవ పొట్టు, అరకిలో నూనెగింజల చెక్క ఏది తోడైనా పని నడుస్తుంది. వరిగడ్డిలోని ఆక్సలేట్లు సున్నాన్ని (కాల్షియాన్ని) ఒంటికి పట్టనివ్వవు, భాస్వరం కూడా అందులో తక్కువే. అందుకని రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, గుప్పెడు ఉప్పు తప్పనిసరి. ఎండుమేత తినే పశువుకు నీళ్లు కూడా ఎక్కువ కావాలి, కిలో ఎండుమేతకు నాలుగైదు లీటర్లు. నీళ్లు తగ్గితే తిండి తగ్గుతుంది.

పచ్చిమేత: ఎంత చాలు?

పచ్చిమేత బొత్తిగా లేకపోతే విటమిన్ ఎ కొరత వస్తుంది. మొదట బయటపడేది దూడల్లో రేచీకటి. దీనికి రోజుకు మూడు నుంచి ఐదు కిలోల పచ్చి ఆకు చాలు, పశువు కడుపంతా పచ్చిమేతతో నింపనక్కర్లేదు. బోరులో ఇంకా నీళ్లు వస్తున్న రైతు పది సెంట్లలో లూసర్న్ అనే పచ్చిమేత పైరు వేసినా చలికాలంలో బాగా వస్తుంది. నేపియర్ గడ్డి రకాలు చలికి మందగిస్తాయి, వాటి మీద డిసెంబరులో ఆశ పెట్టుకోకూడదు. అక్టోబరులో ఒక్క వాన పడినా ఉలవ చల్లుకోవడం సీమలో పాత అలవాటు. కాయ పట్టకపోయినా తీగ మేతవుతుంది. గట్ల మీద అవిసె, సుబాబుల్, గ్లైరిసీడియా ఉన్నవారికి వాన లేకపోయినా ఆకు దొరుకుతుంది. సుబాబుల్‌ను మేతలో మూడో వంతుకు మించనివ్వకూడదు, అందులోని మిమోసిన్ వల్ల వెంట్రుకలు ఊడతాయి. హిందూపురం, మడకశిర వైపు పట్టుపురుగులు పెంచే ఇళ్లలో తట్టల్లో మిగిలే మల్బరీ ఆకు, కొమ్మ పశువుకే పోతుంది. అది దాణాతో పోల్చదగ్గ మేత.

ఇక అజొల్లా. కరువు రాగానే దీని పేరు వినిపిస్తుంది. మాంసకృత్తులు ఎక్కువన్నది నిజమే, కానీ ఆరబెట్టి చూస్తే. రోజుకు పెట్టమనే రెండు కిలోల పచ్చి అజొల్లాలో ఎండు పదార్థం 130 గ్రాములకు అటూఇటూ. పది కిలోలు తినే ఆవుకు అది తాలింపు లాంటిది, అన్నం కాదు. హైడ్రోపోనిక్ మొక్కజొన్న సంగతీ అంతే. కిలో గింజలు వారంలో ఏడు కిలోల పచ్చటి చాపవుతాయి. పెరిగిన బరువంతా నీళ్లే. మొలకెత్తడంలో గింజ తన పిండిని కొంత ఖర్చు చేసుకుంటుంది కాబట్టి ఎండు పదార్థం గింజలో ఉన్నదాని కన్నా తగ్గుతుంది. దూడలకు, పచ్చి ఆకు ఏదీ దొరకని చోట పాలావుకు కొద్దిగా పనికొస్తుందేమో గానీ, మేత కొరతకు ఇది మందు కాదు.

నాము, బూజు

కరువు పైరు చూడడానికి మేతలా ఉన్నా విషం కావచ్చు. వాన లేక వాడిన లేత జొన్నలో, కోసిన మోళ్ల నుంచి వచ్చిన పిలకల్లో సైనైడ్ చేరుతుంది. పల్లెల్లో దీన్ని నాము అంటారు. నాము తిన్న పశువు నిమిషాల్లో రొప్పుతూ కూలబడుతుంది. పశువైద్యుడు సోడియం థయోసల్ఫేట్ నరానికి ఎక్కించేలోపే చాలాసార్లు ప్రాణం పోతుంది. పూత దశ దాటిన జొన్నలో ఇది తక్కువ. కోసి బాగా ఎండబెట్టినా, పాతర వేసి సైలేజీ చేసినా చాలావరకు పోతుంది. కరువు పైరులో చేరే ఇంకో విషం నైట్రేట్ మాత్రం ఎండబెట్టినా పోదు. ఎండకు గిడసబారిన మొక్కజొన్న కాండం అడుగుభాగంలో అది ఎక్కువగా ఉంటుంది. అందుకే మొదలంటా నరకకుండా అడుగు ఎత్తు వదిలేసి కోయడం మేలు.

తడిసిన గడ్డితో ఇంకో ముప్పు. మిచౌంగ్ లాంటి తుఫాను తర్వాత చౌకగా వచ్చే లోడ్లలో నానిపోయి బూజు పట్టిన గడ్డి ఉండొచ్చు. బూజు పట్టిన వరిగడ్డి వరసగా తిన్న గేదెలకు చలికాలంలోనే డెగ్నాల అనే జబ్బు వస్తుంది. తోక చివర, చెవుల అంచులు, గిట్టల పైన చర్మం ఎండిపోయి కుళ్లుతుంది. నల్లటి మచ్చలు, మట్టివాసన ఉన్న కట్టలను సగం ధరకు ఇస్తామన్నా వదిలేయాలి.

శిబిరాలు ఎప్పుడొస్తాయి

కరువు సాయం కింద పశుగ్రాస శిబిరాలకు 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన లెక్క పెద్ద పశువుకు రోజుకు 80 రూపాయలు, చిన్నవాటికి 45. కిలో గడ్డి 6 రూపాయలుంటే ఆరు కిలోల గడ్డి, కిలో దాణా 64 రూపాయల్లో వస్తాయి. మిగిలిన 16లో నీళ్లు, కూలి సర్దుకోవచ్చు. అదే గడ్డి 10 రూపాయలైతే మేతకే 88 అవుతుంది. అంటే శిబిరం ఎప్పుడు తెరిచారన్నదాన్ని బట్టే ఆ 80 రూపాయలు చాలడమో చాలకపోవడమో తేలుతుంది.

ఖరీఫ్ కరువు ప్రకటనకు గడువు అక్టోబరు ఆఖరు. ఆ తర్వాత నివేదిక పోవాలి, కేంద్ర బృందం వచ్చి చూడాలి, నిధులు విడుదలవ్వాలి. ఇవన్నీ అయ్యేసరికి కోతల గడ్డి చౌకగా దొరికే నెలలు దాటిపోతాయి. హార్వెస్టర్ కోసిన మళ్లలో అప్పటికే కొంత గడ్డి తగలబడిపోయి ఉంటుంది. డిసెంబరులో బేలర్లతో ఆ గడ్డిని కట్టించి మండల కేంద్రాల్లో నిల్వ చేస్తే, మార్చిలో బయట కొనే ఖర్చు తగ్గుతుంది. అక్టోబరులోనే ప్రకటించిన మండలాలకు ఇది ముందే తెలిసిన అవసరం.

మహారాష్ట్రలో 2018-19 కరువులో చావణీలు (పశువుల శిబిరాలు) పెద్ద ఎత్తున నడిచాయి. పశువులతో పాటు ఇంటి మనుషులు కూడా నెలల తరబడి అక్కడే ఉండిపోయారు. రెండు పశువులున్న సీమ కుటుంబానికి అది కుదరడం కష్టం, ఎందుకంటే పాలు ఊళ్లోని కేంద్రంలో పోయాలి, ఇంట్లో ఒకరు ఉపాధి పనికి పోవాలి. పైగా ఊళ్ల పశువులన్నీ ఒకచోట చేరితే గాలికుంటు, లంపీ స్కిన్ లాంటి అంటురోగాలు తొందరగా పాకుతాయి. టీకాలు వేయకుండా తోలుకుపోకూడదు. ఇంటి దగ్గరికే రాయితీ మీద మేత ఇచ్చే పద్ధతి చిన్న రైతుకు ఎక్కువ ఉపయోగం. అందులో చిక్కేమిటంటే, పంపిణీలో ఎక్కువగా వచ్చేది సైలేజీ. పైన చూసినట్టు అది పాలావుకు సరైనది, ఎద్దుకు ఖరీదైనది. వచ్చిన బస్తాలను పాలావుకు ఉంచి, ఎద్దుల కోసం గడ్డి విడిగా చూసుకోవాల్సి ఉంటుంది.

డిసెంబరులో కొనేటప్పుడు ఏడు నెలలకు సరిపడా ఒకేసారి కొనాలా అన్నది చివరి లెక్క. అక్కర్లేదు. దాళ్వా, యాసంగి వరి కోతలు ఏప్రిల్‌లో మొదలవుతాయి, అప్పుడు గడ్డి మళ్లీ మార్కెట్‌కు వస్తుంది. ఏప్రిల్ నెలాఖరు దాకా నెట్టుకొచ్చే మేత, అంటే పైన చెప్పిన ఇంటికి ఆరున్నర టన్నులు, డిసెంబరులో చేతిలో ఉంటే మిగతాది రెండో విడతలో కొనుక్కోవచ్చు. కాకపోతే జలాశయాల్లో నీళ్లు లేని ఏడాది యాసంగి సాగు కూడా తగ్గుతుంది. జనవరిలో కాలువలకు నీళ్లు వదులుతారో లేదో తెలిశాక మళ్లీ ఒకసారి వామి చూసుకుని, అప్పుడు ఇంకో లోడు సంగతి తేల్చుకోవాలి.